నాలుగో మూలన గులాబీ

పోయిన వారం ఓలివ్ పీర్ట్‌ని బర్న్‌షీల్డ్ చాపెల్ అనే చిన్న చర్చి వెనక గదిలో, పొడుగు బల్ల పక్కన, ఒక బొంత మీద చెయ్యి వేయించి అలాగే నిలబెట్టి వచ్చాం. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ టీ కప్పులు పట్టుకుని ఆ చేతి వంకే చూస్తున్నారు.

బొంత పరిచింది మ్యూరియల్ ఫెదర్‌స్టోన్. మంగళవారం మధ్యాహ్నాలు ఈ గదిలో చేరి బొంతలు కుట్టే సంఘానికి ఆవిడే పెద్ద దిక్కు. ఓలివ్‌కి ఊహ తెలిసినప్పటి నుంచి ప్రాణ స్నేహితురాలు. పట్నంలోని మ్యూజియం వాళ్ళు ఈ లోయలో కుట్టిన పాత బొంత ఒకటి అద్దాల బీరువాలో పెట్టి, కింద కుట్టిన మనిషి పేరు రాయిస్తామని కబురు పెట్టారు. దాన్ని ఎంచుకోవడానికి మిస్ హెరన్ అనే మెత్తటి మాటల ఆవిడ ఇవాళ వచ్చింది. సంఘం వాళ్ళు తమ ఇళ్ళలోవి తలా ఒకటి తెచ్చారు. అందరిదీ అయ్యాక మ్యూరియల్ తనది తెచ్చి, "మా అమ్మ ఎలిజా కుట్టింది" అంటూ పరిచింది. నిగనిగలాడే తెల్లటి నూలు గుడ్డ, చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగిన జడ అంచు, నడుమ ఈకల చక్రం, మూలకో గులాబీ. మిస్ హెరన్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇదేనండీ" అనేసింది.

అది ఎవరిదో ఓలివ్ కళ్ళకన్నా ముందు ఆమె వేళ్ళకి తెలిసింది. అది వాళ్ళమ్మ హన్నాది. యుద్ధం రోజుల్లో, ఓలివ్‌కి పదేళ్ళప్పుడు, హన్నా క్షయతో పోయింది. రోగం ఇంకొకరికి అంటుకుంటుందని ఆవిడ పరుపు, దుప్పట్లు, గౌన్లు, దిండు కింద ఉన్న ఒకే ఒక్క ఫొటోతో సహా అన్నీ పెరట్లో వేసి కాల్చేశారు. ఆ కాల్చింది పక్కింటి ఎలిజా, అంటే మ్యూరియల్ వాళ్ళమ్మే. కిటికీలోంచి పొగ చూసిన ఓలివ్, బొంత కూడా ఆ పొగలోనే పోయిందని నలభై తొమ్మిదేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. హన్నా సమాధికి రాయి లేదు. ఆవిడ పేరు రాసిన వస్తువు ఈ లోకంలో ఒక్కటీ లేదు. ఆవిడ చేతి పని ఒకటి ఇవాళ కళ్ళెదుట పరిచి ఉంది, దాని కింద ఇంకొకావిడ పేరు రాయబోతున్నారు.

"హెరన్ గారూ, పేరు ఇంకా రాయకండి," అంది ఓలివ్.

మిస్ హెరన్ కలం ఆపింది. "ఏమన్నా పొరపాటు ఉందాండీ?"

"ఉంది. ఇది ఎలిజా కుట్టింది కాదు. మా అమ్మ కుట్టింది."

ఎవరి కప్పో సాసర్ మీద గట్టిగా తగిలింది. మ్యూరియల్ నవ్వింది. ఆ నవ్వు ఓలివ్‌కి బాగా తెలుసు. పొయ్యిలో స్కోన్ రొట్టెలు మాడిపోయి, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు మ్యూరియల్ నవ్వే నవ్వు అది.

"ఏంటే ఓలివ్, పొద్దున ఏమీ తినలేదా? మీ అమ్మ బొంత కాలిపోయిందని నాకు వెయ్యిసార్లు చెప్పింది నువ్వే కదా."

"నేనే చెప్పాను. విన్నది నువ్వే. ప్రతిసారీ నా వీపు నిమిరావు కూడా."

నోరా కుర్చీలోంచి లేచింది. ఎనభై మూడేళ్ళ మనిషి, సంఘంలో అందరికన్నా పెద్దది, చేతికర్ర తన కాళ్ళకన్నా ఎదుటివాళ్ళ కాళ్ళకే ఎక్కువ తగులుతుంది. "ఆగండే. పరాయి మనిషి ముందు ఏంటీ గోల? ఇదిగో ఓలివ్, ఈ లోయలో జడ అంచు లేని బొంతుందా? ఈకల చక్రం వెయ్యని ఇల్లుందా? మా అత్త అచ్చులు మీ అమ్మ పట్టుకెళ్ళేది, మీ అమ్మవి ఎలిజా పట్టుకెళ్ళేది. అట్ట అచ్చు పెట్టి నీలం పెన్సిల్‌తో గీసుకుంటే అందరివీ ఒకలాగే ఉంటాయి. చూసి ఎలా చెబుతావు?"

"చూసి చెప్పక్కర్లేదు నోరమ్మా. ఇందులో నా గులాబీ ఉంటుంది."

ఓలివ్ గులాబీ సంగతి తెలియనిది అక్కడ మిస్ హెరన్ ఒక్కదానికే. ఆవిడకి నోరానే చెప్పింది, కాస్త విసుగ్గా, కాస్త జాలిగా.

ఇక్కడి ఆడపిల్లలు బొంత బిగించి కుట్టే చట్రం దగ్గర ముందు సూదుల్లో దారం ఎక్కించడం నేర్చుకుంటారు. రెండేళ్ళు అదే పని. ఆ తర్వాత ఒక రోజు తల్లి ఒక మూల చూపించి, "ఇది నీది, కుట్టు" అంటుంది. పరుపు కిందకి పోయే మూల కాబట్టి ఎలా ఉన్నా ఎవరికీ కనిపించదు. ఓలివ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు హన్నా ఇచ్చింది ఒక గులాబీ. అచ్చులో ఆరు రేకులే ఉంటాయి. ఎడమచేతి వాటం పిల్ల, గీత ఒకవైపు, సూది ఒకవైపు. ఆరు అయిపోయాక ఎక్కడ ఆపాలో తెలియక గీత దాటి బయటికి పోయి, ఇంకో రేకు కుట్టేసింది. తప్పు చూసుకుని ఏడుస్తుంటే హన్నా వంగి చూసి పెద్దగా నవ్వి, "విప్పకు తల్లీ, అలాగే ఉండనీ, ఏడో రేకు చాలా బాగుంది" అంది. అమ్మ అంత పెద్దగా నవ్వడం ఓలివ్ విన్నది ఆ ఒక్కసారే. ఆ నవ్వు గురించి ఈ గదిలో ఎన్ని మంగళవారాలు చెప్పిందో లెక్కలేదు.

బల్ల మీద మూడు మూలలే కనిపిస్తున్నాయి. నాలుగోది లోపలికి మడతపెట్టి ఉంది.

"మడత తియ్యి," అంది ఓలివ్.

"బల్ల సరిపోక మడిచాను. ఊరికే లాగితే పాత గుడ్డ, చిరుగుతుంది," అంది మ్యూరియల్.

"చిరగదులే," అని నోరా తనే తీసింది.

నాలుగో మూలన గులాబీ ఉంది. ఆరు రేకులున్నాయి. చక్కగా, సమంగా, గీత తప్పకుండా, మిగతా మూడింటికన్నా అందంగా ఉన్నాయి.

అందరూ ఓలివ్ వంక చూశారు. నవ్వితే బాగుండేదేమో, జాలిపడ్డారు. ఓలివ్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, పెళ్ళి లేదు, పిల్లలు లేరు, బడి వంటింట్లో ముప్ఫయ్యేళ్ళు అందరి పిల్లలకీ వడ్డించింది, పాపం ఈ మధ్య మతి తప్పుతున్నట్టుంది అని ఆ కళ్ళన్నీ అంటున్నాయి. తనకే అనుమానం వచ్చింది. వేళ్ళు కూడా ముసలివయ్యాయేమో, ఏది తాకినా అమ్మదే అనిపిస్తోందేమో.

మ్యూరియల్ దగ్గరికొచ్చి వీపు మీద చెయ్యి వేసింది. మెల్లగా నిమిరింది. "పోన్లేవే. మనసు కదా, దానికి కావాల్సింది అది చూసుకుంటుంది. రా, కూర్చో, వేడిగా ఇంకో కప్పు పోస్తాను."

ఆ నిమరడంతోనే ఓలివ్ తల వంచి, మళ్ళీ ఆ మూల వంక చూసింది. ఈసారి రేకులు లెక్కపెట్టలేదు, కుట్టు చూసింది.

గోడ పక్కన చట్రానికి బిగించి, చాపెల్ నూటయాభయ్యో ఏటికని సంఘం కుడుతున్న పెద్ద బొంత ఉంది. పైన అరలో లోయలో పుట్టే ప్రతి బిడ్డకీ ఇవ్వడానికి కుట్టిన చిట్టి బొంతలు, టీ కెటిళ్ళకి తొడిగే కుళ్ళాయిలు ఉన్నాయి. వాటన్నిటి మీదా ఓలివ్, మ్యూరియల్ పక్కపక్కనే పనిచేశారు. మ్యూరియల్ చట్రానికి కుడి కొస నుంచి కుట్టుకుంటూ వస్తుంది, ఎడమచేతి ఓలివ్ ఎడమ కొస నుంచి వస్తుంది, ఇద్దరూ మధ్యలో కలుస్తారు. వరస అయ్యేచోట మ్యూరియల్ రెండు చిన్న కుట్లు వెనక్కి వేసి, సూదిని అడ్డంగా దూర్చి దారం దాచేస్తుంది. లోయలో ఇంకెవరూ అలా చెయ్యరు. ఓలివ్ ఆ ముగింపుని కళ్ళు మూసుకుని పోల్చగలదు. అచ్చం ఆ ముగింపే ఆరో రేకు చివర ఉంది.

ఓలివ్ మారు మాట్లాడకుండా ఆ మూల పట్టుకుని కిటికీ దాకా లాగింది. బొంత బల్ల మీద నుంచి జరజరా జారింది. మిస్ హెరన్ అయ్యో అంటూ రెండో కొస పట్టుకుంది. బయట వాన వెలిసి, కొండ మీద నుంచి ఎండ ఏటవాలుగా లోపల పడుతోంది. ఓలివ్ గుడ్డని ఆ వెలుగుకి పక్కగా వంచింది.

"నోరమ్మా, కళ్ళజోడు పెట్టుకుని ఇటు రా."

నోరా వచ్చింది. మిగతావాళ్ళూ వచ్చారు. ఆ వెలుగులో, అందమైన ఆరు రేకుల చుట్టూ, నున్నటి గుడ్డ మీద సన్నటి బెజ్జాలు కనిపించాయి. పెద్ద పెద్ద అంగలు వేసినట్టు, గీతకి అటూ ఇటూ పడుతూ పోయిన సూది బెజ్జాలు. అవి ఒక్కో రేకు చుట్టూ తిరిగి, ఆరో రేకు దాటి, బయటికి పోయి, వంకరగా ఇంకొకటి చుట్టాయి.

"ఏడు," అంది నోరా, వేలితో తడుముతూ. "ఒక్క ఉతుకు పడితే ఈ బెజ్జాలు పూడిపోతాయి. ఇవి ఇంకా తెరుచుకునే ఉన్నాయి. ఈ ఏడాదిలోనే విప్పారు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బొంత ఎవరిదని వాళ్ళు రెండేళ్ళయినా వాదించుకునేవాళ్ళు, చివరికి ఏదో ఒక రాజీకి వచ్చేవాళ్ళు. కానీ ఈ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి కుట్టు ఇంకొకరు విప్పకూడదు. తప్పు కుట్టినా, వంకర కుట్టినా, కుట్టిన మనిషిని పిలిచి ఆమె చేతే విప్పించాలి. ఒక చలికాలం నోరా మూడే మూడు కుట్ల కోసం మోకాలి లోతు మంచులో రెండు మైళ్ళు నడిచి వెళ్ళి, కుట్టినామెని వెంటబెట్టుకుని వచ్చింది. అలాంటిచోట ఒక పసిపిల్ల మొదటి గులాబీ విప్పేశారని తెలిసి అందరూ మ్యూరియల్ పక్క నుంచి ఒకడుగు వెనక్కి జరిగారు.

"నువ్వు విప్పావా?" అని నోరా మ్యూరియల్‌ని అడిగింది.

మ్యూరియల్ ఓలివ్ మోచెయ్యి పట్టుకుని, "వంటగదిలోకి రా," అంది.

వంటగది అంటే మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే చోటు. టీ బాయిలర్ బుసబుసమంటోంది. మ్యూరియల్ తలుపు మూసి దానికి వీపు ఆనించింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అంది ఓలివ్.

"అమ్మ పోయేముందు చెప్పింది."

"అంటే పంతొమ్మిదేళ్ళు."

"ఊఁ."

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

"పై గదిలో, మంచం మీదే వేసేదాన్ని."

"నేను ఆ గదిలో పడుకున్నాను. మంచులో జారి కాలు విరిగినప్పుడు పది రోజులు నీ ఇంట్లోనే ఉన్నాను. ఆ మంచం మీదే."

"అప్పుడు తీసి పెట్టెలో పెట్టాను."

దొంగతనం ఒక పక్కన పెట్టచ్చు అనుకుంది ఓలివ్. తను కుంటుకుంటూ మెట్లెక్కుతుంటే, పైన మ్యూరియల్ హడావుడిగా అమ్మ బొంత మడిచి పెట్టెలో కుక్కి, మూత వేసి, కిందికొచ్చి నవ్వుతూ చెయ్యి అందించింది. ఆ పది రోజులూ పొద్దున్నే పాలు కాచి ఇచ్చింది. ఇంత ఆప్యాయంగా ఎవరు చూస్తారని ఓలివ్ ఊరంతా చెప్పుకుంది.

"ఎలిజా అత్త కాల్చలేదా అయితే?"

"పరుపు, గౌన్లు కాల్చిందట. దీన్ని మాత్రం కాల్చలేకపోయింది. సున్నం నీళ్ళలో నానబెట్టి, ఉతికి, నెలల తరబడి కొండ మీద ఎండలో వేసిందట."

"తర్వాతైనా ఇవ్వచ్చుగా. నేను పక్కింట్లోనే ఉన్నాను. ఆ చలికాలమంతా మా నాన్న పాత కోటు కప్పుకుని పడుకున్నాను మ్యూరియల్. బొగ్గు కంపు కొట్టేది అది. మీ ఇంటికి ఆడుకోవడానికి వచ్చినప్పుడు అది మీ ఇంట్లోనే ఉంది."

"నాకప్పుడు పన్నెండేళ్ళే. నాకేం తెలుసు?"

"నలభైలో తెలిసింది కదా. అప్పుడు నోరెందుకు రాలేదు?"

మ్యూరియల్ కళ్ళు తుడుచుకుంది. "అమ్మ రెండు మాటలు తీసుకుంది. దీన్ని గడప దాటించకు, దీని కుట్టు విప్పకు అంది. ఎందుకమ్మా అంటే గోడ వైపు తిరిగి పడుకుంది. నేను మాటిచ్చాను."

"రెండూ తప్పావు."

"రెండూ తప్పాను. ఆ మ్యూజియం ఉత్తరం వచ్చింది కదా. మా అమ్మ కుట్టినవి ఒక్కటీ మిగల్లేదే. ఒకటి కుక్కల కింద వేశారు, ఒకటి ఇస్త్రీ బల్లకి చుట్టారు. మీ అమ్మకి పేరు లేదని నువ్వు ప్రతి మంగళవారం ఏడుస్తావు. మా అమ్మకి మాత్రం ఎక్కడుంది పేరు? నేనెక్కడ ఏడవను? ఇది ఒక్కటే ఉంది ఇంట్లో. మా అమ్మే దీన్ని మంటల్లోంచి తీసింది. ఏడో రేకు ఒక్కటే అడ్డం."

"అడ్డం," అంది ఓలివ్.

ఆ ఒక్క మాట ఓలివ్ అన్న తీరుకి మ్యూరియల్ తల దించుకుంది. బాయిలర్ మూత టపటపా కొట్టుకుంటే ఓలివ్ చెయ్యి చాపి దాన్ని ఆపేసింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. చిన్నప్పుడు మెట్ల మీద చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినప్పటిలా ఉంది. ఇన్నేళ్ళూ తన కష్టం చెప్పుకున్నది ఆ కష్టాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసిన మనిషికి.

"విను," అంది మ్యూరియల్, గొంతు బాగా తగ్గించి. "నేను ఇప్పుడే బయటికెళ్ళి అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను. మీ అమ్మ పేరే రాయిస్తాను. హన్నా పీర్ట్ అని పెద్ద అక్షరాలతో. నీకు కావాల్సింది అదే కదా. నాది ఒక్కటే మాట. ఆ మూల మళ్ళీ తెరవద్దు. నేను కుట్టినట్టు ఉండనీ."

"ఎందుకు?"

"విప్పినప్పుడు లోపల చూశాను. చూడకుండా ఉండాల్సింది."

"ఏముంది లోపల?"

"నన్నడగకే. నీ మంచికే చెబుతున్నాను."

ఓలివ్ మ్యూరియల్ మొహంలోకి చూసింది. భయం నిజంగానే ఉంది అక్కడ. ఒప్పేసుకుంటే సరిపోయేది. అమ్మ పేరు అద్దాల వెనక నిలిచిపోయేది, పట్నం నుంచి వచ్చిన పిల్లలు వేలు పెట్టి చదివేవాళ్ళు. నిన్నటి దాకా ఎవరైనా ఈ మాట అంటే ఓలివ్ వాళ్ళ చేతులు పట్టుకుని ఏడ్చేది. కానీ నీ మంచికే అన్న మాట ఇన్నాళ్ళూ ఎవరి నోట విన్నదో ఇప్పుడు తెలిసింది. పైగా ఆ రేకు తనది. అమ్మ ఉండనీ అన్నది.

"తప్పుకో," అంది.

బయట అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. ఓలివ్ తన కుట్టు సంచీలోంచి కొంగ ముక్కు కత్తెర తీసింది. బొంత మూలని బల్ల మీద సరిచేసి పెట్టింది. కత్తెర పిడి మ్యూరియల్ వైపు తిప్పింది.

"నీ కుట్టు నేను విప్పను. నువ్వు కుట్టింది నువ్వే విప్పు."

మ్యూరియల్ నోరా వంక చూసింది. నోరా కర్రతో కుర్చీ ముందుకి జరిపింది. ఆ గదిలో ఆ మాటకి ఎదురు లేదు. మ్యూరియల్ కూర్చుని, కత్తెర తీసుకుని, ఆరో రేకు చివర దాచిన దారం కొస వెతికి పట్టుకుంది. టప్, టప్ మని ఒక్కో కుట్టూ తెగింది. రేకు తర్వాత రేకు వదులైంది. అంచు దగ్గర తను మళ్ళీ కుట్టిన నాలుగు అంగుళాలు విప్పి, కత్తెర బల్ల మీద పెట్టేసి, "ఇక చూసుకో," అంది.

ఓలివ్ పై గుడ్డ ఎత్తింది. గొర్రె ఉన్ని కనిపిస్తుందనుకుంది. వెలిసిపోయిన గులాబీ రంగు గుడ్డ కనిపించింది, దాని మీద మళ్ళీ కుట్టు.

"ఓస్, ఇంతేనా," అంది నోరా, మెడ చాచి. "పాత బొంత మీద కొత్తది వేసి కుట్టింది. ఉన్ని దొరకని రోజుల్లో అందరం చేసిందే. దీనికా ఇంత..."

ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. పాత గుడ్డ మీద ఎర్ర దారంతో అక్షరాలున్నాయి. ఈ లోయలో బొంత మీద పేర్లు వేసేది ఒక్క పెళ్ళి బొంతకే. పెళ్ళికూతురు తన పేరు, కాబోయేవాడి పేరు, పెళ్ళి నెల ఒక మూలన వేసుకుంటుంది. ఓలివ్ ఆ ఎర్ర దారాన్ని వేలితో తడుముతూ చదివింది.

ఎలిజా. జోసయా పీర్ట్. మే, 1931.

"జోసయా పీర్ట్ ఎవరండీ?" అని మిస్ హెరన్ అమాయకంగా అడిగింది.

"ఓలివ్ వాళ్ళ నాన్న," అంది మ్యూరియల్.

ఓలివ్‌కి ఆ మాట దూరం నుంచి వినిపించింది. ఆమె ఎదురుగా ఉన్న మూలనే చూస్తోంది. పై గుడ్డ మీది ఆరు రేకులూ ఎలిజా పేరు మీద సరిగ్గా కూర్చుంటాయి. ఏడో రేకు బెజ్జాలు దాటిపోయి నాన్న పేరుని కప్పుతాయి. ఇంత పెద్ద బొంతలో తొమ్మిదేళ్ళ పిల్లకి అమ్మ వెతికి వెతికి ఈ మూలే ఇచ్చింది. కూతురి చేత ఆ పేర్ల మీద కుట్టించింది. సూది గీత దాటి నాన్న పేరు మీదకి పోతే వంగి చూసి నవ్వింది. ఓలివ్ ఇన్నేళ్ళూ దాచుకున్న నవ్వు అదే.

మ్యూరియల్ విప్పిన దారాలన్నీ ఏరి అరచేతిలో ఉండ చేస్తోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆ మేలో వాళ్ళ పెళ్ళి జరగలేదు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు. బొంత మాత్రం మీ నాన్న ఇంట్లోనే ఉండిపోయినట్టుంది. జూన్‌లో మా అమ్మ ఇంకొకరిని చేసుకుంది. అదే ఏడాది అక్టోబరులో నేను పుట్టాను." ఉండని బల్ల మీద, ఓలివ్ ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పు ఓలివ్. దీని కింద ఎవరి పేరు రాయమందాం?"